రెండు కాగితాలు కలిసి వెళ్లినప్పుడు

పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రింటర్లు, స్కానర్లు బాగుచేశాను. తర్వాత నెట్‌వర్కులు వచ్చాయి, ఆ కేబుళ్లు కూడా నా మెడకే చుట్టారు. కిందటేడు పని మానేశాను. అయినా జంగ్లీఘాట్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్లు ఆగి "సూరి భయ్యా, ప్రింటు చారలు చారలుగా వస్తోంది" అంటారు. నేను రిటైరైన సంగతి నాకూ మా ఆవిడకూ తప్ప ఇంకెవరికీ తెలిసినట్టు లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదని తెలుసు. వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి. నేను ఏ కోర్సులు చేశాను, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లేముందు కాస్త పాఠం వినక తప్పదు.

ముందు మాటలు

మీకు వచ్చే ఫోన్లలో సగం "మెషీన్ ఖరాబ్ హో గయా" అనే, అంటే మెషీను చెడిపోయిందనే, మొదలవుతాయి. ఆ మాట పట్టుకుని బయల్దేరితే బండి పెట్రోలు దండగ. "తెర మీద ఏం రాసి ఉందో చదవండి" అని అడగండి. చదవరు, విసుక్కుంటారు. మళ్లీ అడగండి.

'ఆఫ్‌లైన్' అని ఉంటే ప్రింటర్ చెడిపోయిందని కాదు, కంప్యూటర్ పిలిస్తే పలకడం లేదని. 'జామ్' అంటే కాగితం ఎక్కడో ఇరుక్కుందని, లేదా ఇరుక్కుందని మెషీను అనుకుంటోందని. ఈ తేడా తెలియక మెషీను మొత్తం విప్పి బల్ల మీద పరిచినవాళ్లని చూశాను. టోనర్ అంటే నల్లపొడి. ఆ పొడితో అక్షరాన్ని కాగితం మీదికి దించేది డ్రమ్. నిలువు చార వస్తే డ్రమ్ చూడండి, టోనర్ మార్చేసి చేతులు దులుపుకోకండి. డ్రైవర్ అంటే కంప్యూటర్ చెప్పేది ప్రింటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాము. డీపీఐ అంటే స్కాన్ చేసేటప్పుడు ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు పడతాయన్న లెక్క. మామూలు ఆఫీసు కాగితానికి మూడు వందలు చాలు. ఆరు వందలు పెట్టమని హుకుం వేసే ఆఫీసరు ప్రతి చోటా ఒకాయన ఉంటాడు. మన దీవుల నెట్ స్పీడుకి ఆ ఫైలు మెయిల్లో చేరేసరికి ఆయనకి బదిలీ అయిపోతుంది.

ఒకే నంబరు

నేను పనిచేసిన సర్వీసు కంపెనీ యజమానిని అందరం దాదా అనేవాళ్లం. బెంగాలీ మనిషి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి కస్టమర్ ముందు నోరు మూసుకోవడం దాకా నాకు ఆయనే నేర్పాడు. రెండోది నాకు సరిగా రాలేదు.

నెట్‌వర్కులో ప్రతి మెషీనుకీ ఒక నంబరు ఉంటుంది. ఐపీ అడ్రస్ అంటాం. ఇంటి నంబరు లాంటిదే, రెండు ఇళ్లకి ఒకటే ఉండకూడదు. ఒకసారి డిగ్లీపూర్‌లో ఒక ఆఫీసుకి రెండో ప్రింటర్ పెట్టి, తిరుగు బస్సు పోతుందన్న కంగారులో మొదటి దాని నంబరే దానికీ ఇచ్చి వచ్చేశాను. రెండు గదుల్లో రెండు ప్రింటర్లు. ముందు ఆన్ చేసింది పనిచేసేది, తర్వాత ఆన్ చేసింది మొరాయించేది. వాళ్లు నాకు ఫోన్ చేస్తే గొడవే లేదు. చేయలేదు. ఈ గది వాళ్లూ ఆ గది వాళ్లూ పోటీలు పడి పొద్దున్నే వచ్చి తమ ప్రింటర్ ముందు ఆన్ చేసుకోవడం మొదలుపెట్టారు.

నెల తర్వాత సర్వీసుకి వెళ్తే అక్కడి ఆఫీసరు నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరొచ్చి వెళ్లాక స్టాఫంతా టైముకి వచ్చేస్తున్నారు" అన్నాడు. నంబరు సరిచేసి, అసలు సంగతి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

దాదా పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ప్రతి మెషీను మీదా దాని నంబరు రాసి స్టిక్కర్ అతికించాలని రూలు పెట్టాడు. "సూర్యా, గల్తీ సబ్ కర్తా హై. లిఖ్‌కే రఖ్" అన్నాడు. తప్పు అందరూ చేస్తారు, రాసి పెట్టుకో అని. కొన్నేళ్ల తర్వాత అదే దాదా, రాయొద్దు అన్నాడు. నేను చెప్పబోయేది దాని గురించే.

తడి

మెయిన్‌లాండ్‌లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ కాగితం ఎప్పుడూ పొడిగా ఉండదు. చేతికి తెలియదు గానీ మెషీనుకి తెలుస్తుంది. విప్పిన కాగితాల కట్ట రెండు రోజులు బయట ఉంటే అంచులు వంకర తిరుగుతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే మన ఆఫీసుల్లో కాగితాలు పెట్టే బీరువాలో ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కరెంటు దండగ అని దాన్ని ఆర్పిస్తారు. వారం తర్వాత మనకి ఫోన్ వస్తుంది.

స్కానర్ మీద ఫీడర్ ఉంటుంది. కాగితాల బొత్తి పెడితే ఒక్కొక్కటే లోపలికి లాక్కుంటుంది. రెండు కలిసి వెళ్తే పసిగట్టడానికి లోపల ఒక సెన్సర్ ఉంటుంది. అలా వెళ్లగానే మెషీను ఆగి, ఎర్ర లైటు వేసి, కూత పెడుతుంది. మనం తీసి, విడదీసి, మళ్లీ పెట్టాలి. విసుగొచ్చే పనే. ఆ విసుగు దగ్గరే నేను కాలు జారాను.

నేను ఆపేసిన సెన్సర్

పోర్ట్ బ్లెయిర్‌లోనే ఒక ఆఫీసు, పేరు అనవసరం. పాత స్థలాల ఫైళ్లన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టే పని మొదలుపెట్టింది. పని చేసేది భాస్కర్ అనే గుమాస్తా. ఇక్కడే పుట్టినవాడు, మన తెలుగువాడే. ఫైలుకి కట్టిన దారం తీసి, కాగితాలు ఫీడర్లో పెట్టడం, అయ్యాక కట్ట కట్టి వెనక రేకుల గదిలో పడేయడం అతని డ్యూటీ. రోజుకి ఇన్ని ఫైళ్లు అవ్వాలని పైనుంచి ఒత్తిడి.

పాత కాగితాలు చిరిగిన చోట వెనక ముక్కలు అతికించి ఉంటాయి, స్టాంపులు అంటించి ఉంటాయి. అతుకు వచ్చిన ప్రతిసారీ సెన్సర్ రెండు కాగితాలనుకుని ఆపేసేది. భాస్కర్ తల ప్రాణం తోకకొచ్చింది. రోజుకి మూడుసార్లు నాకు ఫోను.

"భయ్యా, ఇది పది కాగజ్‌లు తియ్యదు, మళ్లీ ఆగిపోతాది. సాబ్ నా మీద ఎగురుతున్నాడు. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

సెట్టింగుల్లోకి వెళ్లి సెన్సర్ ఆపేశాను. అర నిమిషం పని. మెషీను బుద్ధిగా లాక్కోవడం మొదలుపెట్టింది. భాస్కర్ టీ, సమోసా తెప్పించాడు. సాబ్ లేచి వచ్చి నా భుజం తట్టాడు. కస్టమర్ సంతోషంగా ఉన్నాడని దాదా కూడా మెచ్చుకున్నాడు.

ఆ సెన్సర్ అతుకులకి అరిచిన మాట నిజమే. తడికి అంటుకున్న కాగితాలకీ అదే అరిచేది. ఏది దేనికో విడదీసి చూడటం నా పని. అతుకులున్న కాగితాలని ఫీడర్లో వేయకుండా, మూత తీసి అద్దం మీద ఒక్కొక్కటే పెట్టి స్కాన్ చేయమని చెప్పి ఉండాల్సింది. చెబితే భాస్కర్ ముఖం మాడ్చుకుంటాడు, సాబ్ కసురుకుంటాడు. మంచివాణ్ణి అనిపించుకుందామని ఊరుకున్నాను. ఆపినట్టు ఎక్కడా రాయలేదు కూడా. మరుసటి వారానికి మర్చిపోయాను.

పైడమ్మ

ఏడాది గడిచింది. ఫీడర్ రబ్బరు రోలర్ అరిగిపోయిందంటే మార్చడానికి అదే ఆఫీసుకి వెళ్లాను. నేను మెషీను ముందు కూర్చుని మూత విప్పుతుంటే, కౌంటరు దగ్గర ఒకావిడ భాస్కర్‌తో వాదిస్తోంది. యాభై పైబడిన మనిషి. పక్కన ఖాళీ కూరల గంప ఉంది. పేరు పైడమ్మ. తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో కూరలు తెచ్చి బజారులో అమ్ముతుంది.

"మా అయ్య కాగితం మూడు పేజీలు బాబూ. నాకు సదువు రాదు గాని మూడు ఎన్నో తెల్దా? ఒకటీ మూడూ ఇచ్చి, రెండోది నేదంటే ఎలగ?"

"దీదీ, కంప్యూటర్లో ఎంతుందో అంతే. ఫైల్లోనే లేదేమో, నేనేం చేసేది?"

"ఫైల్లో ఉంది. ఎనకటి బాబు తీసి సూపించాడు. నాను ఈ కళ్లతో సూశాను."

"ఇప్పుడు కాగజ్ చూడ్డం బంద్ దీదీ. ఓన్లీ కంప్యూటర్."

సంగతి ఇది. ఆవిడ తండ్రికి ఎప్పుడో ఇంటి స్థలం కేటాయించారు. కొలతలు, హద్దులు ఉన్నది రెండో పేజీలో. పక్క స్థలం కొన్న ఆసామి ఆవిడ వంటిల్లూ దాని వెనక కొబ్బరి చెట్లూ తన హద్దులో ఉన్నాయని అర్జీ పెట్టాడు. ఇంకో పది రోజుల్లో విచారణ. ఇంట్లో ఉన్న కాపీని చెదలు తినేశాయి. హద్దుల పేజీ చూపించకపోతే వంటిల్లు పడగొట్టుకోవాలి.

ఆవిడ నా వైపు తిరిగింది. "భయ్యా, నువ్వు మెషీను మనిషివి గదా. నువ్వైనా సూడు" అని ప్రింటు కాగితాలు చేతిలో పెట్టింది.

మొదటి పేజీ చూశాను. కింది అంచు దగ్గర వెంట్రుకంత సన్నని నల్ల గీత ఉంది. కాగితం అంచు నీడ. దాని కిందే ఇంకో గీత. ఒక్క కాగితానికి రెండు అంచులు ఉండవు. ఆవిడ వంటిల్లు ఎక్కడ పోయిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

చెప్పానా? చెప్పలేదు. "చూద్దాం దీదీ" అన్నాను.

రేకుల గది

ఆవిడ వెళ్లాక ముందు సెన్సర్ మళ్లీ ఆన్ చేశాను. తర్వాత భాస్కర్‌ని వరండాలోకి పిలిచి, జరిగింది చెప్పాను.

"భయ్యా, ఇది బయటికొస్తే నా నౌకరీ మీదికొస్తాది" అన్నాడు.

"ఆపింది నేను. నీ పేరు రాదు. రేకుల గది తాళం ఇవ్వు చాలు" అన్నాను.

దాదాకి కూడా చెప్పాను. ఆయన అరవలేదు. "కాగజ్ ఢూండో, దే దో, ఖతం" అన్నాడు. వెతుకు, ఇచ్చెయ్, అంతటితో వదిలెయ్. ఆపైన గొంతు తగ్గించి, కాంట్రాక్టు రెన్యువల్‌కి వస్తోందని, ఎక్కడా ఏమీ రాయొద్దని చెప్పాడు.

మూడు రోజులు ఆ గదిలో కూర్చున్నాను. కట్టల మీద ఫైలు నంబర్లు సగం చెరిగిపోయాయి. కొన్నింటిని చెదలు తినేశాయి. స్కాన్ అయిపోయాయి కదా అని కొన్ని కట్టల్ని అప్పటికే చిత్తు కాగితాల కింద లారీలో ఎత్తించేశారు. పైడమ్మ తండ్రిది ఆ లారీలో పోయి ఉంటే ఏం చేయాలి అన్న ఆలోచన వస్తే, లేచి బయటికి వెళ్లి ముఖం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం దొరికింది. పైన మొదటి పేజీ, కింద మూడోది. మొదటి పేజీ పట్టుకుంటే మందంగా తగిలింది. రెండో పేజీ దాని వీపుకి అతుక్కుని అలాగే ఉంది, స్కానర్లోకి ఎలా వెళ్లిందో అలాగే. ఇలాంటప్పుడు లాగకండి. లాగితే అక్షరాలు ఊడి పక్క కాగితానికి అంటుకుపోతాయి. ఫ్యాను కింద పెట్టి, ఆరుతున్న కొద్దీ స్టీలు స్కేలు అంచుతో కొంచెం కొంచెంగా విడదీశాను. గంటకి పైగా పట్టింది. హద్దులు నాలుగూ చక్కగా ఉన్నాయి. అద్దం మీద పెట్టి స్కాన్ చేసి, భాస్కర్ చేత కంప్యూటర్ ఫైల్లో చేర్పించి, ప్రింటు పైడమ్మకి ఇప్పించాను.

విచారణలో ఆ పేజీ చూశారు. వంటిల్లు నిలిచింది.

ఆవిడ అడిగిన మాట

తర్వాతి ఆదివారం పైడమ్మ వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఒక అరటి గెల, ములక్కాడలు తెచ్చింది. మా ఆవిడ టీ పెట్టింది.

"దేవుడినాగ వొచ్చినావు భయ్యా" అంది పైడమ్మ.

ఆ మాట భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది. అంతా చెప్పేశాను. సెన్సర్ అంటే ఏమిటో, ఎందుకు ఉంటుందో, ఎవరు ఆపారో చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి విన్నది.

"ఆపీసోడు నీ మీద ఇసుక్కుంటాడని ఆపీసినావా?"

"అవును దీదీ."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నాకంటే మూడని తెల్సు గాబట్టి అడిగాను. తెలీనోళ్లు ఉంటారు గదా భయ్యా. ఆళ్లేటడుగుతారు?"

ఆవిడ టీ తాగేసి, బస్సు టైమైందని లేచింది. గెల మాత్రం వెనక్కి తీసుకుపోలేదు. తీసుకుపోతే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఉత్తరం

ఆ ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. దాదా కాంట్రాక్టు పోయింది. ఆయన నన్ను కేబుళ్లు లాగే పనికి మార్చి, ఏడాది పాటు అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. పని నేర్పింది ఆయనే, అందుకే ఎక్కువ కోపం వచ్చింది. ఆఫీసు వాళ్లు ఓ నెల నానబెట్టి, చివరికి మిగిలిన కట్టలన్నీ విప్పించారు. కాగితాలు ఎన్ని, కంప్యూటర్లో పేజీలు ఎన్ని అని సరిచూసి, తేడా వచ్చినవన్నీ మళ్లీ స్కాన్ చేయించారు. చాలామంది పేజీలు దొరికాయి. లారీలో పోయిన కట్టలు మాత్రం పోయినట్టే. వాటిలో ఎవరి పేజీలు ఉన్నాయో నాకు తెలియదు. వాళ్లలో కొందరు తమ కాగితం మొదటినుంచీ అంతేనని అనుకుంటూ ఉంటారు. ఇది గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

మీకు చెప్పేది ఒక్కటే. మెషీను ఆగితే దాని నోరు నొక్కే ముందు, ఎందుకు ఆగిందో చూడండి. నొక్కక తప్పకపోతే, నొక్కినట్టు రాసి పెట్టండి.

ఉత్తరం ఇచ్చిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నుంచీ వాన. రెండు పేజీలు ప్రింటు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. మొదటి పేజీలో మా కంపెనీ పేరు, మెషీను వివరాలు, పని ఎప్పుడు మొదలైంది లాంటివి. సెన్సర్ ఆపింది నేనే, భాస్కర్ తప్పు లేదు, ఫైళ్లు మళ్లీ చూడండి అన్నది రెండో పేజీలో. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ స్కాన్ చేసి నంబరు వేయాలని ఆఫీసు రూలు. భాస్కర్ తటపటాయిస్తుంటే, ఇటివ్వమని తీసుకుని నేనే ఫీడర్లో పెట్టాను. ఏళ్ల తరబడి అందరికీ చెప్పే మాట, కాగితాలు ముందు విడదీసి పెట్టమని, నాకే గుర్తు రాలేదు.

కాగితం సగం లోపలికి వెళ్లి మెషీను ఆగింది. ఎర్ర లైటు వెలిగింది. కూత పెట్టింది.

మూత తీసి చూశాను. రెండో పేజీ మొదటి దాని వీపుకి అంటుకుని వెళ్లింది.

"మళ్లీ పెట్టనా భయ్యా?" అన్నాడు భాస్కర్.

"ఆగు" అన్నాను. రెండిటినీ విడదీసి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఒక్కొక్కటే పెట్టాను. తెర మీద రెండు పేజీలు అని కనిపించేదాకా అక్కడే నిలబడ్డాను.